335ఐ, ఎస్4: రోజూ నడపడానికి సెకండ్ హ్యాండ్‌లో ఏ బండి తీసుకోవాలో తేల్చుకునే పద్ధతి

బండి వేగంగా పోవాలి, వెనక సీట్లో ఇంట్లోవాళ్లు సౌకర్యంగా కూర్చోవాలి, డిక్కీలో నాలుగు పెట్టెలు పట్టాలి. ఈ మూడూ కోరుకుంటూ పాత బండ్లలో వెతికేవాళ్లు తరచూ రెండు పేర్ల దగ్గర ఆగిపోతారు: బీఎండబ్ల్యూ 335ఐ, ఆడి ఎస్4. ఇక్కడ చెప్పేది 335ఐలో ఇ90 బాడీ సెడాన్ గురించి, ఎస్4లో బీ8 బాడీ సెడాన్ గురించి.

కాగితం మీద రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటికీ మూడు లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఆరు సిలిండర్లు. బీఎండబ్ల్యూలో ఆరూ ఒకే వరుసలో ఉంటాయి, టర్బో (పొగ బలంతో తిరిగి గాలిని నెట్టేది) ఉంటుంది. 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. ఆడిది వీ6, పైన సూపర్‌చార్జర్ (బెల్టుతో తిరిగి గాలిని నెట్టేది). 333 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మాన్యువల్ గేర్లతో 335ఐకి 5.6 సెకన్లు పడితే ఎస్4కు 5.1 చాలు. డిక్కీ 335ఐది 460 లీటర్లు, ఎస్4ది 480.

ఆ అర సెకను మీదే వాదనలన్నీ నడుస్తాయి. రోజూ పనికి వెళ్లొచ్చే బండికి అది దేనికీ కొరగాదు. పదేళ్లు దాటిన ఇలాంటి బండిలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: వచ్చే 30,000 కిలోమీటర్లలో ఇది ఏయే పనులు అడుగుతుంది, ఆ పనులు మీరు తిరిగే దారి వల్ల పెరుగుతాయా తగ్గుతాయా. కాబట్టి మోడళ్లను పోల్చడం ఆపి, మీ ముందున్న రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. కింద చెప్పిన వరుసలోనే చూడండి, ఎందుకంటే ముందు దశలో పోయిన బండికి తర్వాతి దశలో డబ్బు పెట్టే పని ఉండదు.

1. ముందు మీ దారి రాసుకోండి

ఒక వారం పాటు చిన్న పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఒక్కో ప్రయాణం ఎన్ని కిలోమీటర్లు, అందులో ఎన్ని నిమిషాలు బండి నత్తనడకన పాకింది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఎంతసేపు నడిచింది.

మూడోది చాలామంది పట్టించుకోరు. కూలెంట్ తొందరగానే వేడెక్కుతుంది, ఇంజిన్ ఆయిల్ వేడెక్కడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. ఈ రెండు ఇంజిన్లూ పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతాయి. మామూలు ఇంజిన్‌లో గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వ్ మీద పెట్రోల్ పడి దాన్ని కడుగుతూ ఉంటుంది. వీటిలో ఆ కడుగుడు లేదు. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు గది) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వుల వెనక పేరుకుని, మాడి, బొగ్గు పెచ్చులా గట్టిపడుతుంది. పైగా చల్లటి ఇంజిన్‌లో కొంత పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. మీ ప్రయాణాలన్నీ ఐదారు కిలోమీటర్లలోపే ముగిసేవైతే, నిజం చెప్పాలంటే, ఈ రెండూ మీకు తగిన బండ్లు కావు. అయినా కావాలంటే వారానికోసారైనా అరగంట తగ్గకుండా హైవే మీద తిప్పాలి, ఆయిల్ మార్పుల మధ్య దూరం సగానికి తగ్గించుకోవాలి.

పాకే నిమిషాలు గేర్‌బాక్స్‌ను నిర్ణయిస్తాయి. ఆటోమేటిక్ 335ఐలో ఉండేది జడ్‌ఎఫ్ తయారీ ఆరు గేర్ల బాక్స్. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అంటే పాకుతున్నంతసేపూ ఆ జారుడును ఆయిలే మోస్తుంది. ఎస్4లో ఉండే ఎస్ ట్రానిక్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. ఆయిల్‌లో మునిగిన క్లచ్ పలకలే అయినా, బ్రేకు వదిలి అంగుళం అంగుళం జరిపినప్పుడల్లా అవి జారుతూ వేడెక్కుతాయి. వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఇరవై నిమిషాలు పాకే దారి మీదైతే ఈ ఒక్క కారణం చాలు, మొగ్గు 335ఐ వైపు పెట్టడానికి.

వాన, మంచు, ఎత్తుపల్లాల తడి రోడ్లు ఎక్కువైతే లెక్క తిరగబడుతుంది. ఎస్4 అన్నింటికీ క్వాట్రో ఉంటుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. మామూలు 335ఐ వెనక చక్రాలతోనే నడుస్తుంది. 400 న్యూటన్ మీటర్లు అరిగిన టైర్ల మీద తడి మలుపులో పడితే ట్రాక్షన్ కంట్రోల్ లైటు పండగ దీపంలా మిణుకుతూనే ఉంటుంది. ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలూ లాగే బీఎండబ్ల్యూ పద్ధతి) ఉన్న 335ఐలు దొరికే చోట అవీ చూడండి.

2. ఏ ఇంజిన్, ఏ సంవత్సరం

335ఐ అన్న పేరు కింద రెండు వేర్వేరు ఇంజిన్లున్నాయి. మొదట వచ్చింది ఎన్54: రెండు చిన్న టర్బోలు, ఒక్కోటి మూడు సిలిండర్లకు. 2010 మార్చి నుంచి సెడాన్‌లో ఎన్55 వచ్చింది: ఒకే ట్విన్ స్క్రోల్ టర్బో (పొగ రెండు దారుల్లో చేరేది), దానికి తోడు వాల్వ్‌ట్రానిక్ (ఇన్‌టేక్ వాల్వ్ ఎంత తెరుచుకోవాలో మార్చే ఏర్పాటు). రెండింటి పవర్ అంకెలు ఒక్కటే కాబట్టి ప్రకటన చూసి తేడా తెలియదు. ఛాసిస్ నంబరుతో తయారీ నెల, ఇంజిన్ కోడ్ చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ సంవత్సరాన్ని నమ్మకండి, 2010లో అమ్ముడైన ఎన్54లు ఉన్నాయి.

ఎన్54కు 2007, 2008 రెండేళ్లూ అంతర్జాతీయ ఇంజిన్ ఆఫ్ ద ఇయర్ అవార్డు వచ్చింది. అవార్డు ఇచ్చినవాళ్లు హై ప్రెషర్ ఫ్యూయల్ పంపును (పెట్రోల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపేదాన్ని) లెక్కలోకి తీసుకున్నట్టు లేరు. ఆ పంపు ఎంత తరచుగా పోయిందంటే 2010లో బీఎండబ్ల్యూ అమెరికాలో దానికి రీకాల్ ప్రకటించింది. పంపు ఒక్కటే కాదు, ఎన్54లో ఇంకో రెండు ఖరీదైన చోట్లు ఉన్నాయి. పియెజో ఇంజెక్టర్లు (సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మేవి): వీటి మీద ఇండెక్స్ అంకె ఉంటుంది, చివరి రకం 12. అంతకన్నా బాగా పాత ఇండెక్స్ కనబడితే అవి ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సినవే. రెండోది టర్బో వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడి మితిమీరకుండా పొగను పక్కకు వదిలే తలుపు) అరుగుదల. ఎన్55లో ఇంజెక్టర్లు మామూలు సొలెనాయిడ్ రకం, టర్బో ఒక్కటే. రోజువారీ బండికి ఎన్55 మేలు. ఇందులో రెండో మాట లేదు. పంపు, ఇంజెక్టర్లు, టర్బోలు మార్చిన బిల్లులు చేతికిచ్చే ఎన్54 అయితే ఆలోచించవచ్చు. బిల్లుల్లేని ఎన్54ను ధర చూసి కొనడమంటే మిగతా ధరను వాయిదాల మీద కట్టడమే.

ఎస్4లో ఇంజిన్ మొదటినుంచి చివరిదాకా పైన చెప్పిన సూపర్‌చార్జర్ వీ6 (3.0 టీఎఫ్ఎస్ఐ) కుటుంబమే. 2012లో మెరుగులు దిద్ది తెచ్చిన రూపాన్ని బీ8.5 అంటారు. స్టీరింగ్ హైడ్రాలిక్ నుంచి ఎలక్ట్రిక్‌కు మారింది. చేతికి రోడ్డు తెలియాలంటే పాతది, పార్కింగ్‌లో తేలిగ్గా తిరగాలంటే కొత్తది. రోజువారీ వాడకానికి ఈ తేడా కన్నా గేర్‌బాక్స్ చరిత్రే వంద రెట్లు ముఖ్యం.

3. కాగితాలు: ఏ పేజీ కోసం వెతకాలి

సర్వీస్ పుస్తకంలో ముద్రల సంఖ్య లెక్కపెట్టి సంతోషించకండి. ఈ కింది పనులకు విడివిడిగా తేదీ, కిలోమీటర్లు ఉన్న బిల్లు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఎస్4కు మొట్టమొదట అడగాల్సింది ఎస్ ట్రానిక్ ఆయిల్, ఫిల్టర్ మార్పు. ప్రతి 60,000 కిలోమీటర్లకూ చేయాలి. 1,20,000 తిరిగిన బండికి ఒక్క బిల్లే ఉంటే ఒకటి ఎగ్గొట్టినట్టు. అసలు లేకపోతే, బండి ఎంత మెరుస్తున్నా, గేర్‌బాక్స్ రిపేరు ఖర్చు మొత్తం ధరలోంచి తీసేసి మాట్లాడండి.

335ఐకి అడగాల్సింది వాటర్ పంప్. ఇది బెల్టుతో తిరగదు, కరెంటు మోటారుతో తిరుగుతుంది. లక్ష కిలోమీటర్ల అటూ ఇటూ ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది: కారిపోదు, కూయదు, ఉన్నట్టుండి డాష్‌బోర్డులో ఎర్రటి గుర్తు వెలుగుతుంది, అంతే. పంపూ, కూలెంట్ వేడిని అదుపుచేసే థర్మోస్టాటూ ఒకేసారి మార్చిన బిల్లు ఉంటే అది బంగారంతో సమానం. ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్ జీవితాంతం సరిపోతుందని బీఎండబ్ల్యూ అన్నా, బాక్స్ తయారుచేసిన జడ్‌ఎఫ్ 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. తయారుచేసినవాళ్ల మాటే వినండి.

ఛాసిస్ నంబరుతో రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో కంపెనీ దగ్గర సరిచూడండి. ఇ90లో టకాటా ఎయిర్‌బ్యాగ్ (పగిలే ప్రమాదంతో రీకాల్ అయిన రకం) ఉన్నవి చాలా ఉన్నాయి. తిరిగిన కిలోమీటర్ల విషయంలో బీఎండబ్ల్యూ తాళంచెవి ఒక సాక్షి. చివరిసారి వాడినప్పటి కిలోమీటర్లు తాళంలోనే నమోదై ఉంటాయి, షోరూమ్‌లో రీడర్ మీద పెడితే చదువుతుంది. రెండో తాళం కూడా తెమ్మనండి.

4. చల్లటి ఇంజిన్ దగ్గర పది నిమిషాలు

అన్ని దశల్లోకీ ఎక్కువ చెప్పేది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే. అమ్మేవాళ్లకు ముందే చెప్పండి: రాత్రంతా ఆగి ఉన్న బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయాలి. వెళ్లగానే బానెట్ మీద, తర్వాత బానెట్ ఎత్తి కూలెంట్ గొట్టం మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి. దాచడానికి ఏదో ఉంటేనే ముందే వేడిచేసి పెడతారు.

ఒక మనిషి తాళం దగ్గర, ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటే తర్వాత మెకానిక్‌కు వినిపించవచ్చు.

ఎస్4 స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లలో ఇంజిన్ వెనక భాగం నుంచి గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపిస్తే టైమింగ్ చైన్ టెన్షనర్లను (ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా పట్టి ఉంచేవాటిని) అనుమానించాలి. ఈ ఇంజిన్‌లో చైన్లు వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటాయి. అంటే వాటిని చేరాలంటే ఇంజిన్ దించడమే. అరసెకను టిక్కుమని ఆగిపోతే భయం లేదు. ప్రతి ఉదయమూ అలా గరగరలాడితే ఆ బండిని అక్కడే వదిలేయండి. ఇంజిన్ ముందు వైపు, సూపర్‌చార్జర్ ముక్కు దగ్గర ఐడిల్‌లో గోళీలు కలిపినట్టు వచ్చే చప్పుడు మాత్రం వేరు. అది లోపలి కప్లర్ అరుగుదల, చైన్ అంత పెద్ద పని కాదు. ఈ రెండు చప్పుళ్లనూ కలిపేసుకుని మంచి బండిని వదులుకునేవాళ్లూ ఉన్నారు, చెడ్డదాన్ని కొనేవాళ్లూ ఉన్నారు. ఇక మొదటి నిమిషంలో వ్యాక్యూమ్ క్లీనర్ లాంటి ఊళ వినిపిస్తే అది ఎగ్జాస్ట్‌లోకి గాలి కొట్టే పంపు, మామూలే.

ఐడిల్ నిలకడగా అయ్యాక ఎస్4 ఆయిల్ మూత విప్పి పైకి లాగి చూడండి. కొద్దిపాటి పీల్పు ఉండాలి. మూతను వదలనంత గట్టిగా పీల్చుకుంటూ ఈల వేస్తుంటే, మూత తీయగానే ఐడిల్ బాగా మారిపోతుంటే, ఆయిల్ సెపరేటర్‌లోని (క్రాంక్‌కేస్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరుచేసేదానిలోని) పొర చిరిగినట్టే. బండి ఆయిల్ తాగడానికి మొదటి కారణం ఇదే. ఆ సెపరేటర్ ఉండేది సూపర్‌చార్జర్ కింద.

335ఐలో మొదట చూడాల్సింది ఎంతసేపు తిరిగాక అందుకుంది అన్నది. రెండు సెకన్లలో అందుకోవాలి. నాలుగైదు సెకన్లు గింజుకుంటే ఎన్54లో హై ప్రెషర్ పంపు, కారే ఇంజెక్టర్ రెండింటిలో ఒకటి. ఇంజెక్టర్ కారితే మొదటి పొగలో పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది, ఒక సిలిండర్ కొట్టుకుంటుంది. పంపు పోతుంటే వాసన ఉండదు, పికప్ మధ్యలో తెగుతుంది. ఇంజిన్ కాస్త వేడెక్కాక యాక్సిలరేటర్ తొక్కి వదలండి. వదిలేటప్పుడు నాణేల డబ్బా ఊపినట్టు మోగితే వేస్ట్‌గేట్. రాడ్లను బిగిస్తే చప్పుడు కొన్నాళ్లు తగ్గుతుంది, అరుగుదల తగ్గదు.

ఎన్54కు ఇంకో పరీక్ష చివర్లో చేయాలి. బాగా వేడెక్కిన ఇంజిన్‌ను పది, పదిహేను నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి, ఒక్కసారి మూడు వేల ఆర్‌పీఎం దాకా తొక్కండి. వెనక నీలం మబ్బు లేస్తే టర్బో సీళ్లు లేదా వాల్వ్ సీళ్లు. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పుడు మీకు రోజూ ఎదురయ్యే దృశ్యం అదే.

5. లిఫ్ట్ మీద

బండిని తెలిసిన గ్యారేజీలో లిఫ్ట్ ఎక్కించండి. ఒప్పుకోని అమ్మకందారుతో బేరం కొనసాగించే అవసరం లేదు. ఈ దశకు ముందు ఇంజిన్ కడిగించి మెరిపించి ఉంటే అనుమానించండి. పదేళ్ల ఇంజిన్ మీద కాస్త దుమ్ము ఉండటమే సహజం.

335ఐలో లీకులు పైనుంచి కిందకు చదవాలి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారితే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి ఏసీలోంచి మాడు వాసన వస్తుంది. కవర్ ప్లాస్టిక్‌ది, అదే పగులుతుంది కాబట్టి గ్యాస్కెట్‌తో పాటు కవర్ కూడా మార్చడం మంచిది. అంతకన్నా ప్రమాదం ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్. చిన్న రబ్బరు ముక్కే, కానీ అక్కడ కారిన ఆయిల్ సరిగ్గా బెల్టు మీద పడుతుంది. ఆయిల్ తాగిన బెల్టు జారి, చీలి, పీచులై క్రాంక్ పుల్లీ వెనక చుట్టుకుంటుంది. ముందు సీల్‌ను తోసుకుని ఇంజిన్ లోపలికే పోతుంది. ఆ పీచు సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెంలో) చేరి ఆయిల్ పంప్ జాలికి అడ్డుపడితే ఇంజిన్ మొత్తం పోయినట్టే. అందుకే బెల్టు అంచులు టార్చి వేసి చూడండి. అంచు తెగి దారాలు కనబడితే బెల్టు మారుస్తామన్న మాటతో తృప్తి పడకండి, ఆయిల్ కారడం ఆగిందో లేదో అడగండి.

ఎస్4లో ఇంజిన్ ముందు, వాటర్ పంప్ చుట్టూ గులాబీ రంగు ఉప్పు పేరినట్టు మరకలు వెతకండి. కూలెంట్ కారి ఆరిన గుర్తు అది. ఇక్కడ ఒక ఆదా ఉంది: సూపర్‌చార్జర్ ఒకసారి దించితే కింద ఉన్న ఆయిల్ సెపరేటర్, ఇన్‌టేక్ వాల్వుల బొగ్గు, థర్మోస్టాట్, వాటర్ పంప్ అన్నీ చేతికి అందుతాయి. ఈ నాలుగూ ఒకే బిల్లులో చేయించిన బండి దొరికితే ఆ యజమాని విషయం తెలిసినవాడని అర్థం. మీరు చేయించుకోవాల్సి వచ్చినా విడివిడిగా చేయించకండి, ప్రతిసారీ అదే కూలి మళ్లీ కడతారు.

సస్పెన్షన్‌లో ఎస్4 ముందు వైపు పైచేతుల బుష్‌లు, బాల్ జాయింట్లు అరుగుతాయి. వాటిని పట్టి ఉంచే పొడవాటి బోల్టు అల్యూమినియం నకుల్‌లో (చక్రాన్ని మోసే ముక్కలో) తుప్పుపట్టి అంటుకుపోతుంది; ఒక గంట పని అనుకున్నది దాన్ని కొట్టి తీయడానికే పూట పడుతుంది. 335ఐ ముందు టెన్షన్ చేతుల బుష్‌లలో ద్రవం ఉంటుంది, అది కారి ఎండితే 80, 100 వేగంలో బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ వంగిందనుకుని డిస్కులు మార్చేవాళ్లు ఎక్కువ.

డిస్కులు రెండింటివీ పెద్దవే: 335ఐ ముందు 348 మిల్లీమీటర్లు, ఎస్4 ముందు 345. కనీస మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది, కొలిచి పోల్చండి.

టైర్ల దగ్గర రెండింటికీ రెండు వేర్వేరు షరతులు. 18 అంగుళాల స్పోర్ట్ చక్రాల 335ఐకి ముందు 225/40, వెనక 255/35 ఉంటాయి. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చడం కుదరదు, వెనకవి త్వరగా అరుగుతాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు), గోడ గట్టిగా ఉండి గుంతలన్నీ నడుముకు చెబుతాయి. మామూలు టైర్లకు మారితే ప్రయాణం మెత్తబడుతుంది, కానీ డిక్కీలో స్టెప్నీ ఉండదు కనుక పంచర్ కిట్, గాలి పంపు పెట్టుకోవాలి. ఎస్4కు నాలుగూ 245/40 ఆర్18 లాంటి ఒకే సైజు. నాలుగింటి అరుగుదలలో రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు, లేకపోతే ముందు, వెనక చక్రాలకు బలం పంచే మధ్య డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేస్తూ అరుగుతుంది. ఒక టైరు చిరిగితే రెండు, ఒక్కోసారి నాలుగు కొనాల్సి రావడం ఇందుకే.

6. స్కానర్ పెట్టాక

చౌకరకం స్కానర్ ఇంజిన్ కోడ్లే చదువుతుంది. గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లు కూడా చదివేది కావాలి.

మొదట రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపేవి) చూడండి. కోడ్లు లేవు కానీ మానిటర్లన్నీ పూర్తికాలేదని చూపిస్తే, నిన్నో మొన్నో ఎవరో కోడ్లు చెరిపేశారు. నాలుగు రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి.

ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) దీర్ఘకాలిక విలువ ప్లస్, మైనస్ 5 శాతంలో ఉంటే బాగుంది. ప్లస్ 10 దాటితే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఎస్4లో మళ్లీ ఆ సెపరేటరే మొదటి ముద్దాయి. సిలిండర్ల వారీగా మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) లెక్కలు చల్లగా ఉన్నప్పుడు చూడండి. చల్లగా ఉన్నప్పుడు అన్ని సిలిండర్లలోనూ కొద్దికొద్దిగా ఉండి వేడెక్కాక మాయమైతే వాల్వుల మీద బొగ్గు. ఒకే సిలిండర్‌లో ఉంటే కాయిల్‌ను (ప్లగ్‌కు కరెంటు ఇచ్చేదాన్ని) పక్క సిలిండర్‌కు మార్చి చూడండి: మిస్‌ఫైర్ కాయిల్‌తో పాటు వెళ్తే కాయిల్, వెళ్లకపోతే ప్లగ్ లేదా ఇంజెక్టర్.

335ఐలో 30ఎఫ్ఎఫ్ కోడ్ ఉంటే టర్బో ఒత్తిడి అందడం లేదు: చీలిన గొట్టం, వ్యాక్యూమ్ లీకు, అరిగిన వేస్ట్‌గేట్, ఇదే వరుసలో వెతకాలి. 2ఇ81 నుంచి 2ఇ85 వరకు ఏదున్నా వాటర్ పంప్ వీడ్కోలు చెబుతోంది. ఎన్54లో తక్కువ ఒత్తిడి వైపు పెట్రోల్ 5 బార్ దగ్గర నిలవాలి, తొక్కినప్పుడు ఎక్కువ ఒత్తిడి వైపు 200 బార్ దాకా పోవాలి. తొక్కిన కొద్దీ అది కిందకు పడిపోతే పంపు.

ఎస్4లో హైవే వేగంలో కూలెంట్ 80 డిగ్రీలు దాటకుండా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఉంది. బండి నడుస్తుంది కానీ ఆయిల్ సరిగ్గా కాగదు, మొదటి దశలో చెప్పిన రోగాలన్నీ వేగం పుంజుకుంటాయి.

పవర్ పెంచే ట్యూనింగ్ ఈ రెండు బండ్లకూ చాలా తేలిక, కాబట్టి చాలా బండ్లకు జరిగే ఉంటుంది. తిరిగి అసలు సాఫ్ట్‌వేర్ వేసి అమ్ముతారు. 335ఐలో ప్లాస్టిక్ చార్జ్ పైప్ (టర్బో గాలిని ఇంజిన్‌కు తెచ్చేది) స్థానంలో అల్యూమినియం గొట్టం, ఎస్4లో సూపర్‌చార్జర్‌కు చిన్న పుల్లీ ఉంటే ఎందుకు మార్చారో అడగండి. ట్యూన్ చేసిన బండి చెడ్డదని కాదు, దాచిన బండి చెడ్డది.

7. నడిపి చూడటం

నలభై నిమిషాలకు తక్కువ వద్దు. సగం పాకే ట్రాఫిక్, సగం ఖాళీ రోడ్డు.

ఎస్ ట్రానిక్‌ను బాగా వేడెక్కాకే పరీక్షించాలి. సమతలం మీద బ్రేకు మెల్లగా వదిలి, యాక్సిలరేటర్ ముట్టకుండా పాకించండి. క్లచ్ పట్టుకునేటప్పుడు బండి మొత్తం వణికితే పలకలు గానీ ఆయిల్ గానీ అయిపోవచ్చాయి. ఒకటి నుంచి రెండుకు, మళ్లీ రెండు నుంచి ఒకటికి మారేటప్పుడు వెనకనుంచి గుద్దినట్టుంటే అడాప్టేషన్ (స్కానర్‌తో గేర్‌బాక్స్‌కు క్లచ్ అమరిక మళ్లీ నేర్పించడం) చేయిస్తే పోవచ్చు, పోకపోనూవచ్చు. 2, 4, 6 గేర్లూ రివర్సూ ఒకే క్లచ్ మీద ఉంటాయి, బేసి గేర్లు ఇంకో దాని మీద. అందుకే రివర్స్‌లో తటపటాయించే బండి సరి గేర్లలోనూ తటపటాయిస్తే ఆ వైపే లోపం. డాష్‌బోర్డులో గేరు అక్షరాలన్నీ ఒకేసారి మినుకుమంటే మెకట్రానిక్స్ బోర్డును (గేర్‌బాక్స్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పలకను) అనుమానించాలి. వేడిగా ఉన్నప్పుడు వచ్చి చల్లారాక మాయమవడం దాని లక్షణం, పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో దొరకదు.

335ఐ ఆటోమేటిక్ ఆగే ముందు మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు ముందుకు తోసినట్టుంటే, నిలకడ వేగంలో రబ్బరు గీతల మీద వెళ్లినట్టు సన్నగా అదిరితే, ఆయిల్ పాతబడింది లేదా కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్ జారుడును ఆపే క్లచ్) అరిగింది. మాన్యువల్ అయితే రెండు బండ్లలోనూ క్లచ్ వదిలి న్యూట్రల్‌లో ఐడిల్ వినండి. క్లచ్ తొక్కగానే ఆగిపోయే గలగల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ అదురును మింగే రెండు ముక్కల చక్రం) విషయంలో అనుమానం పెంచుతుంది.

8. లెక్క వేయడం

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. రెండు బండ్లకూ వచ్చే 30,000 కిలోమీటర్లలో చేయించక తప్పనివి రాయండి. బిల్లు చూసినవాటిని కొట్టేయండి. మాట మాత్రమే విన్నవాటిని ఉంచండి. ప్రతిదానికీ మీ గ్యారేజీలో విడిభాగం ధర, పని గంటలు విడిగా అడిగి వేయండి. ఈ బండ్లలో గంటలే ఎక్కువ తింటాయి: రబ్బరు గ్యాస్కెట్ చౌక, దాన్ని చేరడం ఖరీదు. ఆ మొత్తాన్ని అడిగిన ధరకు కలపండి. అదే అసలు ధర. పెట్రోల్ విషయంలో రెండింటికీ పెద్ద తేడా వేయకండి. నగరంలో రెండూ 100 కిలోమీటర్లకు 12 లీటర్లు దాటేవే, రెండింటికీ 95 ఆక్టేన్‌కు తగ్గనిది పోయాలి.

రెండూ ఇంచుమించు సమానంగా తేలితే దారి పుస్తకం తీయండి. పాకే ట్రాఫిక్ ఎక్కువైతే ఎన్55 ఉన్న 335ఐ ఆటోమేటిక్. హైవే, తడి రోడ్లు ఎక్కువైతే ఎస్4, అదీ గేర్‌బాక్స్ బిల్లులు ఉన్నది లేదా మాన్యువల్. మీకు దగ్గర్లో ఈ రెండు కంపెనీల్లో ఒకదాన్ని మాత్రమే బాగా ఎరిగిన మెకానిక్ ఉంటే, పై రెండు వాక్యాలూ పక్కన పెట్టి ఆ బండే కొనండి.

9. కొన్న మొదటి వారం

ఆయిల్: 335ఐకి ఎల్ఎల్-01 ప్రమాణం ఉన్నది 6.5 లీటర్లు, ఫిల్టర్ మూత, డ్రెయిన్ బోల్టు రెండూ 25 న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు. ఎస్4కు 502 00 లేదా 504 00 ప్రమాణం. ఆరున్నర లీటర్లు పోసి, వేడెక్కాక స్క్రీన్‌లో మట్టం చూసి మిగతాది కొద్దికొద్దిగా కలపాలి. కంపెనీ చెప్పే దూరం మరిచిపోయి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు మార్చండి.

జడ్‌ఎఫ్ బాక్స్‌కు ప్లాస్టిక్ సంప్‌లోనే ఫిల్టర్ ఉంటుంది, సంప్ మొత్తం కొత్తది వేయాలి. దాదాపు ఆరు లీటర్లు పడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా, బాక్స్ ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే మట్టం చూడాలి.

కూలెంట్ రెండింటికీ వేర్వేరు రకం, కలపకూడదు. 335ఐ వాటర్ పంప్ మార్చాక గాలి తీయడం మరిచిపోతే కొత్త పంపు కూడా పోతుంది: బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడి, ఫ్యాన్ కనిష్ఠం పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు నేలకు తొక్కి పట్టాలి. పంపు దానంతటదే పన్నెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది. అప్పుడు ట్యాంకులో తగ్గినంత పోసి, అవసరమైతే మళ్లీ ఒకసారి. బ్యాటరీ మార్చితే కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని అతిగా చార్జ్ చేస్తుంది.

మొదటి ఆయిల్ మార్పులో తీసిన ఫిల్టర్‌ను పారేయకండి. కాగితం కోసి, మడతలు విప్పి, తెల్లటి గుడ్డ మీద పరిచి వెలుతురులో చూడండి. సన్నటి నల్ల పొడి మామూలే. మెరిసే రేకులు కనబడితే బేరింగులు చూపించాలి. 335ఐ ఫిల్టర్‌లో నల్లటి రబ్బరు పీచు ఒక్క పోగు దొరికినా, బెల్టు కొత్తగా ఉన్నా సరే, సంప్ దించి ఆయిల్ పంప్ జాలి శుభ్రం చేయించేదాకా ఆ బండిని బయటికి తీయకండి.